ఎక్స్‌రే చదివే కంప్యూటర్ సరే.. గీత ఎక్కడ గీస్తారు?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో దగ్గు పట్టుకుంటే చాలా ఇళ్లలో దారి ఒకటే. ముందు మెడికల్ షాపు సిరప్, తర్వాత ఆర్‌ఎంపీ ఇంజక్షన్, ఆఖరికి పెద్ద దవాఖానా. ఈలోగా వారాలు గడిచిపోతాయి. అది టీబీ అయితే ఒకే గదిలో పడుకునే పిల్లలకు, ముసలివాళ్లకు అంటుకునే ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. ఈ ఆలస్యాన్ని తగ్గించేందుకు వచ్చిన సాధనమే ఛాతీ ఎక్స్‌రేను చదివే కంప్యూటర్.

దీని అవసరం ఎంతో 2019-21 జాతీయ టీబీ సర్వే చెప్పింది. ఎక్స్‌రే తీయకపోయి ఉంటే అందులో దొరికిన కేసుల్లో 42.6 శాతం బయటపడేవే కావు. లక్షణాలున్న వాళ్లలో 64 శాతం మంది అసలు వైద్యం కోసమే వెళ్లలేదు. అంటే ఎక్స్‌రే జనం దగ్గరికి వెళ్లాలి, దాన్ని చదివేవాళ్లూ ఉండాలి. 2024 డిసెంబర్ 7న 347 జిల్లాల్లో మొదలైన కేంద్రం వంద రోజుల టీబీ కార్యక్రమంలో చేత్తో మోసుకెళ్లే ఎక్స్‌రే మెషిన్లను, ఏఐ సాఫ్ట్‌వేర్‌ను వాడింది అందుకే.

అసలు అది ఏం చేస్తుంది?

ఎక్స్‌రే ఫొటోను చూసి, టీబీ అనుమానం ఎంతుందో కొద్దిసేపట్లోనే ఒక అంకెగా చెబుతుంది. ఉదాహరణకు సున్నా నుంచి వంద వరకు. ఆ అంకె ఒక గీత దాటితే తెమడ పరీక్షకు పంపుతారు. దాటకపోతే ఇంటికి. అసలు విషయం ఈ గీత దగ్గరే ఉంది. 60 దగ్గర గీస్తే 55 వచ్చిన రోగి జారిపోవచ్చు. 30 దగ్గర గీస్తే జబ్బు లేనివాళ్లు కూడా వరుస కడతారు, ల్యాబ్ మీద భారం పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 ఏళ్లు, ఆ పైబడినవాళ్లకు ఈ సాఫ్ట్‌వేర్ వాడకాన్ని సిఫారసు చేసింది. వాడే చోటి పరిస్థితిని బట్టి గీతను సరిచూసుకోవాలని కూడా సూచించింది. పాలమూరుకు ఈ మాట మరీ ముఖ్యం. ఇక్కడి నుంచి తరాలుగా జనం రాళ్ల పనికి, కట్టడాల పనికి వలస పోతున్నారు. రాతి దుమ్ము పట్టిన ఊపిరితిత్తి, ఎప్పుడో నయమైన టీబీ మచ్చ, కొత్త టీబీ ఎక్స్‌రేలో ఒకదాన్ని ఒకటి పోలి ఉండొచ్చు. రోగి ఎక్కడ పని చేశాడో, ఇదివరకు మందులు వాడాడో అడిగి తెలుసుకోవాల్సింది డాక్టరే.

ఇదివరకు ఛాతీ జబ్బంటే హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖానాయే దిక్కు. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. కంప్యూటర్ అనుమానించిన ఎక్స్‌రేలను తెమడ ఫలితాలతో పోల్చి, మన జిల్లాలకు సరిపడే గీతను తేల్చే పని ఇవి చేయగలవు. ఆ పని చేయకుండా మెషిన్లు మాత్రం పంచితే, క్యాంపులో ఎంతమందికి ఎక్స్‌రే తీశారన్న లెక్కే మిగులుతుంది.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

కంప్యూటర్ "అనుమానం" అంటే టీబీ ఉన్నట్టు కాదు. తెమడ పరీక్షలో తేలాలి. "ఏమీ లేదు" అన్నా రెండు వారాలకు మించి దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే డాక్టరును మళ్లీ కలవాలి. మెడ గడ్డల టీబీని ఈ ఎక్స్‌రే పట్టలేకపోవచ్చు. గర్భిణులు ఎక్స్‌రేకు ముందే ఆ సంగతి చెప్పాలి.

ఆడపిల్లకు సంబంధాలు రావేమోనని జబ్బు దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. సర్కారు దవాఖానాలో మందులు ఉచితం. మామూలు టీబీకి కోర్సు ఆరు నెలలు. ఆ కాలంలో పోషణకు నెలకు 1,000 రూపాయలు ఇస్తారు. మందులు పూర్తిగా వాడితే నయమవుతుంది. దాచిపెడితే ఇల్లంతా నష్టపోతుంది. కంప్యూటర్ ఎక్స్‌రేలో మచ్చను చూపించగలదు గానీ, మనిషిని దవాఖానా దాకా తీసుకెళ్లాల్సింది ఇంటివాళ్లే.