ఓడిపోవడానికైనా ఒకరు నిలబడాలి

మన కాలేజీలో క్లాస్ రిప్రజెంటేటివ్ అంటే జీతం లేదు, భత్యం లేదు, హెచ్‌ఓడీ తిట్లు మాత్రం ఫ్రీ. దానికే ప్రతి సెక్షన్‌లో ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు. మరి 2021 మార్చిలో తిరుపతి కార్పొరేషన్‌కి ఎలక్షన్లు పెడితే, 50 డివిజన్లలో 22 చోట్ల ఓటింగే జరగలేదు. ఒక్కరే మిగిలారు, ఏకగ్రీవం అన్నారు. చిత్తూరులో 50కి 37. పుంగనూరు మున్సిపాలిటీలో అయితే 31కి 31. ఊరికి ఊరే ఏకగ్రీవం!

తిరుపతి కార్పొరేషన్ అయింది 2007లో. దానికి మొదటి ఎలక్షన్ 2021లో. అంటే 14 ఏళ్లు ఆగితే వచ్చిన ఒక్క ఛాన్స్‌లో, సగానికి దగ్గరగా డివిజన్ల జనం వేలికి ఇంకు పూయించుకోలేదు.

ఏకగ్రీవం మంచిదే కదా, గొడవలుండవు అంటారు పెద్దవాళ్లు. చిన్న పల్లెలో అందరూ రచ్చబండ దగ్గర కూర్చొని ఒకర్ని అనుకుంటే సరే, ఒప్పుకుంటా. కానీ పై పోర్షన్‌లో ఎవరున్నారో కింద పోర్షన్‌కి తెలియని టౌన్‌లో, వేల ఓట్లున్న డివిజన్‌లో అందరిదీ ఒకే మాట ఎట్లయింది? తిరుపతి 7వ డివిజన్‌లో అయితే, అభ్యర్థి సంతకం ఫోర్జరీ చేసి నామినేషన్ వెనక్కి తీసేశారని కంప్లైంట్ వచ్చి ఎన్నికే ఆగిపోయింది. మనం అటెండెన్స్‌కి ప్రాక్సీ వేస్తాం. అక్కడ విత్‌డ్రాకే ప్రాక్సీ వేశారన్నమాట, ఆ కంప్లైంట్ నిజమైతే.

ఇది ఒక్క పార్టీ కథ అనుకోవద్దు. ఆ ఎన్నికల్లో వైసీపీ 48 గెలిచింది, టీడీపీ ఒకటి. నాలుగేళ్లు తిరిగేసరికి రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో అదే కౌన్సిల్‌లో టీడీపీ 26 ఓట్లతో డిప్యూటీ మేయర్ పదవి గెలిచింది. డివిజన్లలో జనం మళ్లీ ఓటేసింది లేదు, కార్పొరేటర్లే అటు జరిగారు. ఓటు అడగకుండా సీటెక్కినవాళ్లు పార్టీ మారేటప్పుడు మాత్రం మనల్ని ఎందుకడుగుతారు?

భయం ఉత్తదే అని నేను అనను. 2015 నవంబర్‌లో చిత్తూరు మేయర్ కఠారి అనురాధను, ఆమె భర్త మోహన్‌ను కార్పొరేషన్ ఆఫీసులోనే చంపేశారు. మన జిల్లాలో ఏ అమ్మైనా “రాజకీయాలు మనకొద్దు నాయనా” అంటే, దాని వెనక ఇలాంటివి చాలా ఉంటాయి. దాన్ని నవ్వి తీసెయ్యలేం.

అయినా ఒకరు నిలబడాలనే అంటాను. గెలుస్తారని కాదు. ఇంకో పేరు ఉంటేనే బ్యాలెట్ ఉంటుంది. బ్యాలెట్ ఉంటేనే పెద్ద పార్టీ అభ్యర్థి కూడా మన వీధిలోకి నడుచుకుంటూ వచ్చి, మూత లేని కాలువ పక్కన నిలబడి “చేయిస్తానమ్మా” అనాలి. ఆ మాట అననివాణ్ణి తర్వాత ఏమని అడుగుతాం? 2021 అక్టోబర్‌లో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జిలో వాననీళ్లు నిలిచి, యాత్రకు వచ్చినవాళ్ల బండి మునిగి కొత్త పెళ్లికూతురు చనిపోయింది. నవంబర్‌లో ఊరే మునిగింది. వాననీళ్లు ఎటు పోవాలి అనేది అసెంబ్లీలో తేలే విషయం కాదు, వార్డులో తేలాల్సింది.

ఎమ్మెల్యేకి 25 ఏళ్లు నిండాలి, కార్పొరేటర్‌కి 21 చాలు. అంటే మన ఫైనల్ ఇయర్ సీనియర్లలో చాలామంది రెడీ! తిరువనంతపురంలో ఆర్యా రాజేంద్రన్ 2020 డిసెంబర్‌లో మేయర్ అయినప్పుడు ఆమెకి 21, బీఎస్సీ మ్యాథ్స్ చదువుతోంది. ఆమె వెనక పార్టీ ఉంది, నిజమే. కానీ వయసు అడ్డం కాలేదు. మన దగ్గర ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి పనికిరారనే రూల్ కూడా 2024లో తీసేశారు. ఆ రూల్‌తో మనకి పనేమీ లేదనుకోండి.

హాస్టల్ వాళ్లకి ఒక మాట. ఓటు ఏ ఊళ్లో ఉంటే పోటీ అక్కడే. మదనపల్లె ఓటు పెట్టుకొని తిరుపతిలో నిలబడతానంటే కుదరదు. కాబట్టి ముందు లిస్ట్‌లో మీ పేరు ఎక్కడుందో చూసుకోండి. నాకింకా రెండేళ్లుంది. సీట్లలో సగం మహిళలకే కాబట్టి, మా డివిజన్ అలా వస్తే ఎంబీఏ చదివే మా అక్కని నిలబెడదామని అడిగి చూశా. “ముందు నీ ల్యాబ్ రికార్డు రాసుకో పోరా” అనింది. వద్దని మాత్రం అనలేదు.