గడ్డి మందు డబ్బా కింద పెట్టండి

రావులపాలెంలో కొత్తగా కట్టిన ఏ ఇంటి గేటు తీసినా ఒకటే వరస. గేటు నుంచి గుమ్మం దాకా పార్కింగ్ టైల్స్. ఓ మూల నాలుగడుగుల జాగాలో నర్సరీ నుంచి తెచ్చి పరిచిన కార్పెట్ గడ్డి. గోడ వెంబడి బారుగా కోనోకార్పస్. ప్రహరీ బయట డ్రెయిన్ పక్కన ఒక తుమ్మి మొక్కో, గలిజేరు తీగో తలెత్తితే నెల తిరక్కుండా దాని మీద గడ్డి మందు పడుతుంది. శుభ్రం పేరుతో సాగుతున్న ఈ చంపుడు ఆపండి అని మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

అటు జొన్నాడ దగ్గర గౌతమి, ఇటు సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, మధ్యలో ఒండ్రు నేల మీద మనం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, వరి పెరిగింది, కొబ్బరీ అరటీ అల్లుకుపోయాయి. దాని మీద నాకు తగువు లేదు. ఆ అన్నం తినే పెరిగాం, మన అరటి గెలలు లారీలెక్కి ఎక్కడెక్కడికో పోతున్నందుకే ఊరికి ఈ కళ. కానీ ఈ నేలకు సొంతమైన గడ్డీ గాదమూ తలదాచుకోవడానికి మిగిలింది మూడే చోట్లు. సాగుకు రాని లంక అంచులు, కాలవగట్లు, మన పెరళ్లు. ఇప్పుడు ఆ మూడింటి మీదా పడ్డాం.

లంకల సంగతే చూడండి. నదిలో కొత్తగా ఇసుక మేట వేస్తే దాని మీద ముందు కాలు పెట్టేది రెల్లు. దాని వేళ్లు ఇసుకను పట్టి కట్టేస్తాయి. వరద తెచ్చిన ఒండ్రు దుబ్బుల దగ్గర ఆగుతుంది, మెల్లగా నేల తయారవుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై అయిదు లక్షల క్యూసెక్కుల నీరు పోయిన సంగతి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2022 జూలై వరద మనమే చూశాం. ప్రతి వరదకీ గట్టు కోసుకుపోయి కొబ్బరి చెట్లు గోదాట్లో పడిపోతుంటే గుండెలు బాదుకుంటాం. వరద తీశాక ఇసుక ర్యాంపుకు బాట వేయడానికి అదే ఒడ్డున జేసీబీ పెట్టి రెల్లు దుబ్బులు పెళ్లగిస్తాం. మిగిలినవాటికి ఎండాకాలంలో అగ్గిపుల్ల గీస్తాం. ఒడ్డును ఒక్క రూపాయి అడక్కుండా కాపలా కాసేదాన్ని తగలబెట్టి, రాళ్ల కట్టుబడికి నిధులివ్వండి అని నాయకుల చుట్టూ తిరగడం ఏం తెలివి?

ఆ గడ్డిని నమ్ముకున్న బతుకులు వేరే ఉన్నాయి. గిజిగాడు పొడుగాటి ఆకుల్ని ముక్కుతో నారలుగా చీల్చి గూడు అల్లుతుంది. పెద్ద పిట్టలు గడ్డి గింజలు తింటాయి గానీ పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్ని, మిడతల్ని. గడ్డి లేనిచోట మిడతలుండవు. మిడతలు లేనిచోట ఆ పిల్లలు బతకవు.

వినాయక చవితికి మనం చేసే పని చూస్తే నాకు మరీ మండుతుంది. ముందు రోజు బజారుకెళ్లి పత్రి కట్ట బేరమాడి కొంటాం. అందులో ఏముంటాయి? గరిక, ఉత్తరేణి, వాకుడు, వావిలి, విష్ణుక్రాంత, జిల్లేడు. ఏడాది పొడుగునా మందు కొట్టించి మన దొడ్లో లేకుండా చేసుకున్నవే! దేవుడి పాదాల దగ్గర పెట్టే మొక్కకు మన గోడ పక్కన చోటు లేదు. తాతల కాలంలో దడికి గోరింటో వావిలో ఉండేది, వాకిట్లో గరిక దానంతటదే పరుచుకునేది. ఆ గరికను తవ్వి పారేసి, రోజూ మోటారు వేసి తడపాల్సిన కార్పెట్ గడ్డిని అడుగుల లెక్కన కొని తెచ్చుకుంటున్నాం.

ఈసారి జిల్లేడు కనపడితే ఆకు తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీలున్న గొంగళి పురుగు ఆకు అంచు కొరుకుతూ కనపడొచ్చు. మనం భయపడే జిల్లేడు పాలలోని విషాన్ని అది ఒంట్లో దాచుకుంటుంది. అందుకే పిట్టలు దాని జోలికి రావు. ఆ పురుగే నారింజ రంగు రెక్కల సీతాకోకచిలకై ఎగురుతుంది. జిల్లేడు పోతే ఆ సీతాకోక కోనోకార్పస్ మీద గుడ్లు పెట్టదు.

కోనోకార్పస్ పుప్పొడితో జబ్బులొస్తాయా రావా అన్నది శాస్త్రవేత్తలు తేల్చుకోనివ్వండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. తెలంగాణలో విచ్చలవిడిగా నాటాక వద్దన్నారు. మన దగ్గర ఒక ప్రభుత్వం వనం-మనం అంది, ఇంకొకటి జగనన్న పచ్చతోరణం అంది. ఎన్ని మొక్కలు నాటారో చెప్పారు గానీ ఏ మొక్కలు అన్నది ఎవడికీ పట్టలేదు. కాలవగట్టుకు కానుగ ఉంది, ఏటి ఒడ్డుకు తెల్లమద్ది ఉంది. పొన్న, పొగడ, నేరేడు ఉన్నాయి. దేశం మొత్తానికి మొక్కలు పంపే కడియం, కడియపులంక మనకు కూతవేటు దూరం. అక్కడొక నర్సరీలో వావిలి కావాలని అడిగితే, “ఆయ్, గట్టు మీద దొరికేదానికి డబ్బులెవరిస్తారండీ?” అన్నాడు కుర్రాడు. గట్టు మీద ఇప్పుడు దొరకడం లేదు బాబూ, అందుకే అడిగాను.

మన కార్పెట్ గడ్డి మోజు అమెరికా ఇళ్ల ఫొటోల్లోంచి వచ్చింది. అక్కడేం జరిగిందో కూడా తెలుసుకోవాలి కదా. మనవాళ్లు బాగా స్థిరపడిన అరోరా, నేపర్‌విల్ ఊళ్లున్నది ఇల్లినాయ్ రాష్ట్రంలో. ఒకప్పుడు అది నిలువెత్తు గడ్డి సముద్రం, ప్రెయిరీ. 1837లో జాన్ డీర్ ఉక్కు నాగలి చేసింది అక్కడే. తర్వాత ఆ గడ్డి భూమిలో వెయ్యో వంతు కూడా మిగల్లేదు. పక్కనున్న విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1930లలోనే విత్తనాలు ఏరి తెచ్చి, పోయిన ప్రెయిరీని మళ్లీ పెంచడం మొదలుపెట్టారు. ఇప్పుడక్కడ ఇంటి ముందు లాన్ తీసేసి ఆ నేల పూలమొక్కలు వేసుకునేవాళ్లున్నారు. వాళ్లు వదిలించుకుంటున్నదాన్ని మనం మోజుపడి తెచ్చుకుంటున్నాం.

అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే రోళ్లపాడు లేదూ? బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం అని ప్రకటించాం. చుట్టూ గడ్డి నేలలు సాగులోకి పోయాయి. ఇవాళ అక్కడ ఆ పిట్ట కనపడటమే గగనం.

గడ్డి వదిలేస్తే పాములొస్తాయి అంటారు. నిజమే, కోనసీమలో రక్తపింజర భయం ఉత్త భయం కాదు. గుమ్మం దగ్గరా, పిల్లలు నడిచే దారిలోనూ గడ్డి పొట్టిగా కోయించండి, నేను కాదనను. కానీ పాము వచ్చేది ఎలకల కోసం. ఎలకలను పిలిచేది మనం గోడవతల పారేసే చెత్త. ఇక డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలవ నీళ్లలో, మేడ మీద మూతలేని డ్రమ్ముల్లో. తుమ్మి మొక్కను పీకేస్తే డెంగీ తగ్గదు.

2022 అక్టోబరులో కేంద్రం గడ్డి మందు గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ కొట్టకూడదని ఆదేశం ఇచ్చింది. మనం ఏం చేస్తున్నాం? కూలీ భుజానికి స్ప్రేయరు తగిలించి, ముక్కుకు తువ్వాలైనా లేకుండా, ఊరు నీళ్లు తాగే కాలవ గట్టున కొట్టిస్తున్నాం. పంచాయతీలు ఈ పని ఈ ఏడే మానాలి. గట్టు గడ్డి పెరిగితే కొడవలితో కోయించండి, పశువులకు మేతవుతుంది. లంక ఒడ్డున రెల్లును గిజిగాడు పిల్లలు గూళ్లు వదిలేదాకా ముట్టుకోకూడదు, ఆ తర్వాత కూడా వేళ్లతో పెకలించకూడదు. నర్సరీ రైతులు ఒక్కో మడి కానుగకు, మద్దికి, వావిలికి ఇవ్వాలి, పంచాయతీలు వాళ్ల దగ్గర ఆ మొక్కలే కొనాలి. ఇళ్లవాళ్లను నేను అడిగేది అర సెంటు. వానాకాలం లోపల ఆ మేరకు టైల్స్ లేపేసి నేలను వదిలేయండి.