ఉన్నత స్థాయి పాఠ్యక్రమం ఎవరి కొరకు?

ఒకే తరగతిలో కూర్చున్నంత మాత్రాన అందరి గ్రహణశక్తి, అభిరుచి ఒకే తీరున ఉండవు. కావున ఉన్నత పాఠశాల దశలోనే సామాన్య, ఉన్నత స్థాయిలలో రెండు విధాల పాఠ్యక్రమాలు ఉండాలన్న వాదం న్యాయసమ్మతమైనదే.

ఈ ఆలోచన మనకు క్రొత్తది కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఇట్టి రెండు స్థాయిలను సూచించింది. అమెరికాలో 1950ల దశకంలో ఆరంభమైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ విధానంలో పాఠశాల విద్యార్థులే కళాశాల స్థాయి పాఠాలు అభ్యసిస్తున్నారు. మన దేశంలో సి.బి.ఎస్.ఇ. 2020 పదవ తరగతి పరీక్ష నుండి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అను రెండు ప్రశ్నపత్రాలను ప్రవేశపెట్టింది. అదే సంవత్సరపు జాతీయ విద్యావిధానం గణితంతో ప్రారంభించి అన్ని విషయాలనూ రెండు స్థాయిలలో బోధించవచ్చునని పేర్కొన్నది.

అయితే ఎవరు ఏ స్థాయికి అర్హులో నిర్ణయించేది ఎవరు? ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. ఉత్తీర్ణతా శాతం తగ్గునన్న భయంతో ఉపాధ్యాయుడు, "ఆడపిల్లకు ఇంత లెక్కలెందుకు?" అని తండ్రి, సులభమైనదే చాలునని స్నేహితులు చెప్పగా పదిహేనేండ్ల బాలిక తలయూపుతుంది. ఇంటర్మీడియట్‌లో గణితం వదలిన నాడే ఇంజనీరింగులోని చాలా శాఖల ద్వారాలు మూసుకొనిపోతాయని ఆమెకు చెప్పేవారుండరు.

మన సమాజంలో మరొక చిక్కు కలదు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు మాధ్యమంలో అడుగిడి కొన్ని మాసాలు తడబడతారు. ఆ భాషలోని కొరతను బుద్ధిలోని కొరతగా భావించి వారిని క్రింది మెట్టున కూర్చుండబెట్టడం ఘోరమైన అన్యాయం. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యశాస్త్రం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించింది. శాస్త్రం ఏ ఒక్క భాష సొత్తూ కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

కావున కళాశాల పాలకవర్గమువారికి మూడు విన్నపాలు. ప్రవేశ సమయంలో ఏ గ్రూపు ఏ చదువుకు దారితీయునో ఉర్దూ, తెలుగు భాషలలో తల్లిదండ్రులకు వివరించాలి. పదవ తరగతి మార్కులను మాత్రమే కొలబద్దగా గైకొనక, కోరిన విద్యార్థికి మొదటి మూడు మాసాలు సాయంకాలం ఒక గంట వారధి తరగతి నడపాలి. ఉన్నత స్థాయి అనగా గణిత, విజ్ఞాన శాస్త్రాలే అన్న భ్రమ వీడి, ఉర్దూ, తెలుగు సాహిత్యాలను లోతుగా చదువగోరువారికీ అట్టి అవకాశం కల్పించాలి. వీటికి క్రొత్త భవనాలు అక్కరలేదు. అధ్యాపకుల ఓర్పు, పాలకవర్గమువారి అనుమతి చాలును.

విద్యార్థినీ విద్యార్థులారా! కఠినమైన పాఠ్యాన్ని ఎన్నుకొనుట గొప్పకోసం కారాదు. సులభమైనదానిని ఎన్నుకొనుట భయంవల్ల కారాదు. తెలిసి ఎన్నుకొనండి. తెలియనిచోట నిస్సంకోచంగా అడగండి. అడిగినవానికి సమాధానమిచ్చుట మా విధి. మెట్లు రెండుండవచ్చును గాని, వాటి నడుమ తలుపు ఎన్నడూ మూయబడరాదు.