సముద్రం చూసి రండి.. అప్పు చేసి మాత్రం కాదు!

ఫైనల్ ఇయర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే చాలు, ప్రతి క్లాసులో ఓ వాట్సాప్ గ్రూప్ పుడుతుంది. పేరు దాదాపు ఒకటే.. ‘గోవా ట్రిప్’. మొదటి రోజు పద్నాలుగు మంది ‘డన్’ అంటారు. వారం తిరిగేసరికి తొమ్మిది మంది మిగులుతారు. రూమ్ అడ్వాన్స్ కట్టే రోజుకు నలుగురే ఉంటారు. చివరికి ఎవరో ఒకరు ‘జాబ్ వచ్చినంక పోదాం తియ్’ అంటారు. అంతే, గ్రూప్ సైలెంట్. నల్లగొండలో ఎంజీయూ హాస్టల్ అయినా, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ అయినా ఈ కథ పెద్దగా మారదు.

ఈ గ్రూపులు ఎందుకు ఆగిపోతాయి? టైమ్ లేక కాదు. పైసల గురించి నోరు తెరిచి మాట్లాడుకోలేక. అందుకే నేను చెప్పదలచుకున్నవి రెండే మాటలు. ఒకటి, వెళ్లండి. రెండు, మీలో అందరికన్నా తక్కువ డబ్బున్న దోస్తు లెక్కతోనే ప్లాన్ చేయండి. ఈ రెండో మాట పాటించలేకపోతే మొదటిది మర్చిపోండి.

ఉద్యోగం లేదు, షికారెందుకు?

ఈ ప్రశ్న ఇంట్లో వస్తుంది, వీధిలో వస్తుంది, మీ లోపల మీకే వస్తుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసమో, డీఎస్సీ కోసమో, క్యాంపస్ ఆఫర్ లెటర్ వచ్చాక జాయినింగ్ డేట్ కోసమో ఎదురుచూసేవాళ్లు చాలామంది పండక్కి ఊరికి పోవడానికే మొహమాటపడతారు. పెళ్లికి పోతే ‘ఏం చేస్తున్నవు బిడ్డా?’ అని అడుగుతారని మానేస్తారు. ఇట్లా ఒక ఏడాది రెండేళ్లవుతుంది, రెండు మూడవుతాయి. సంతోషాలన్నీ ‘జాబ్ వచ్చినంక’ అనే డబ్బాలో పడి మూత పడిపోతాయి.

మన దగ్గర దీనికి వేరే కారణం కూడా ఉంది. షికారుకు వెళ్లడం మన ఇళ్లలో అలవాటు లేని పని. తెలంగాణ వలస బతుకును మూడు మాటల్లో చెబుతారు.. దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా అక్కడ పాలమూరు లేబర్ ఉంటారని పేరు. బొంబాయిలో ఏళ్ల తరబడి మట్టి మోసిన మనవాళ్లు ఎందరో. సముద్రం పక్కనే బతికినా, దాని ఒడ్డున తీరిగ్గా కూర్చున్న పూటలు ఎన్నో వాళ్లనే అడగాలి. తీరం వాళ్లకు పని జాగా. సెలవు పెట్టుకుని, సొంత పైసలతో, చూడటానికే సముద్రం దగ్గరికి వెళ్లగలిగిన మొదటి తరం చాలా ఇళ్లలో మీదే. అది తప్పు కాదు. కాకపోతే ఆ పైసలు ఎవరివి అన్నది గుర్తుండాలి.

మూడు రోజులు పుస్తకం మూసినంత మాత్రాన ఏ పరీక్షా పోదు. పోయేది అప్పు తెచ్చి పోతేనే.

చిట్టీల మీద రాయండి

గ్రూపులో ‘బడ్జెట్ ఎంత?’ అని అడిగితే నిజం ఎవరూ చెప్పరు. ఉన్నవాడు ‘ఎంతైనా ఓకే’ అంటాడు. లేనివాడు థమ్స్ అప్ పెట్టి, ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ‘ఇంట్లో ఫంక్షన్ ఉంది రా’ అంటాడు. ఆ ఫంక్షన్ ఏంటో మనకు తెలుసు.

దీనికి తేలిక ఉపాయం ఉంది. అందరూ పేరు లేకుండా చిట్టీ మీద ఒక అంకె వేయండి. పేర్లు అడగని గూగుల్ ఫామ్ అయినా సరే. ఇంట్లో అడగకుండా, అప్పు చేయకుండా పెట్టగలిగిన డబ్బు ఎంతో అదే రాయాలి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా చిన్న అంకే మీ బడ్జెట్. యావరేజ్ కాదు, చిన్నదే.

ఆరుగురు ఉన్నారు, చిన్న అంకె 3,000 అనుకుందాం. మొత్తం 18,000. అందులో ఐదో వంతు, అంటే 3,600 ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఒకరికి జ్వరం రావచ్చు, రైలు తప్పిపోవచ్చు. మిగిలింది 14,400, తలా 2,400. ఇందులోనే రానుపోను, రెండు రాత్రుల బస, తిండి, ఆటోలు. ఈ లెక్కకు గోవా అందకపోతే బాపట్ల సూర్యలంక అందుతుంది. అదీ అందకపోతే సోమశిల, నాగార్జునసాగర్ ఉండనే ఉన్నాయి. ఊరిని బట్టి బడ్జెట్ కాదు, బడ్జెట్‌ను బట్టి ఊరు.

ఇక లోన్ యాప్‌ల సంగతి. ‘ఐదు వేలే కదా, వచ్చే నెల కట్టేద్దాం’ అనిపిస్తుంది. 2020 చివర్లో మన రాష్ట్రంలో లోన్ యాప్‌ల వేధింపులు ఎంత దూరం పోయాయో, ప్రాణాలు ఎట్లా పోయాయో పేపర్లలో చదివే ఉంటారు. బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లు ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఎస్‌బీఐ వంటి బ్యాంకులు రుణాలు, క్రెడిట్ కార్డు బాకీలు ఎగ్గొట్టిన రికార్డు ఉన్నవారు నియామకానికి అనర్హులని నోటిఫికేషన్లలోనే రాస్తున్నాయి. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ తరహా బాకీలు కట్టకపోయినా సిబిల్ రికార్డులోకి ఎక్కవచ్చు. ఒక ట్రిప్పు కోసం తెచ్చిన ఐదు వేలు, మూడేళ్లు చదివి కొట్టిన ప్రొబేషనరీ ఆఫీసర్ పోస్టుకు అడ్డం పడితే ఎవరిని అడుగుతారు?

నెల తప్పితే అంతా తప్పు

మన పరీక్షలు అయిపోయేది మే, జూన్‌లలో. అప్పుడే బ్యాగులు సర్దుతాం. సరిగ్గా అప్పుడే సముద్రం మనది కాదు. నైరుతి రుతుపవనాలు మామూలుగా జూన్ 1 నాటికి కేరళను తాకుతాయి, ఆ వెంటనే గోవాకు వస్తాయి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అక్కడి నీళ్లలోకి దిగొద్దని ఏటా హెచ్చరిస్తారు. రూములు చవకగా దొరికేది కూడా అందుకే.

తూర్పు తీరం లెక్క వేరు. అక్కడ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మేలో కూడా నమ్మకం లేదు, 2010 మేలో లైలా వచ్చింది బాపట్ల వైపే. అందుకని గోవా, కేరళలకు నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ఆంధ్ర తీరానికి జనవరి, ఫిబ్రవరి నెలలు మేలు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం గోవా మాట ఎత్తకండి, ఆ రేట్లు మన కోసం కాదు.

‘నాకు ఈతొచ్చు’ అనే మాట దగ్గర కాస్త ఆగండి. మనం నేర్చింది బావిలో, చెరువులో. అక్కడ నీళ్లు లాగవు. సముద్రం లాగుతుంది. రెండు వైపులా అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్లు నెమ్మదిగా, నిమ్మళంగా కనిపిస్తే అక్కడికే పోవాలనిపిస్తుంది. చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదొద్దు, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక బయటికి రావాలి. ఎరుపు జెండా ఉంటే దిగొద్దు. ఎరుపు, పసుపు జెండాల మధ్య, లైఫ్‌గార్డుల కళ్ల ముందే ఉండండి. 2014 జూన్‌లో హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ఈదడానికి కూడా దిగలేదు, ఫొటోల కోసం నిలబడ్డారు. డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. తెలియని నీళ్లతో ఆటలు వద్దు అనడానికి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మన స్టేషన్ నుంచే రైలు

చాలామంది హైదరాబాద్ పోయి బస్సు ఎక్కితేనే ట్రిప్పు అనుకుంటారు. మన స్టేషన్ల మీదుగా పోయే రైళ్లు ఒకసారి చూడండి. నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా నారాయణాద్రి వెళ్తుంది, అది బాపట్ల, చీరాల దారి. విశాఖ ఎక్స్‌ప్రెస్ కూడా నల్లగొండ మీదుగానే విశాఖకు పోతుంది. శబరి ఎక్స్‌ప్రెస్ అయితే నల్లగొండ నుంచి నేరుగా కేరళకు తీసుకుపోతుంది. మహబూబ్‌నగర్ వాళ్లకు 2024 అక్టోబర్‌లో సికింద్రాబాద్-వాస్కోడగామా రైలు మొదలైంది. వారానికి రెండు రోజులు. రోజులు, టైమింగులు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసేముందు చూసుకోండి. ఎక్కే టైమ్ మాత్రమే కాదు, దిగే టైమ్ కూడా చూడాలి. అర్ధరాత్రి దించే రైలు అయితే తెల్లవారే దాకా ఎక్కడ కూర్చోవాలో కూడా ప్లాన్‌లో ఉండాలి.

2024 నవంబర్ 1 నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంతకుముందు 120 రోజులు ఉండేది. కాబట్టి రెండు నెలల ముందే తేదీ ఖాయం చేసుకోవాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే, ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ లింకు చేసి ఉండాలి. ఆన్‌లైన్‌లో చవకగా కనిపించిన రిసార్టుకు ఫోన్ చేయకుండా యూపీఐలో అడ్వాన్స్ కొట్టకండి. మోసపోతే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

అమ్మాయిల పేర్లు లిస్టులో ఎందుకుండవు?

క్లాసులో సగం మంది అమ్మాయిలే ఉన్నా ట్రిప్ గ్రూపులో ఒక్కరూ ఉండరు. ‘వాళ్ల ఇంట్లో పంపరులే’ అని మనమే తేల్చేస్తాం. పంపకపోవడానికి అమ్మానాన్నలు చెప్పే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే.. ఎక్కడుంటారో, ఎవరితో ఉంటారో తెలియదు. ఆ ప్రశ్నకు కాగితం మీద జవాబు ఇవ్వండి. రైలు పేరు, బస చేసే చోటు ఫోన్ నంబర్, వెళ్లేవారి పేర్లు, రోజువారీ ప్లాన్ ఒక పేజీలో రాసి ఇంట్లో పెట్టండి. మొదటిసారే మూడు రోజులు అడగకుండా, పొద్దున పోయి రాత్రికి వచ్చే సాగర్ ట్రిప్పుతో మొదలుపెట్టండి. బుద్ధవనం చూడొచ్చు, లాంచీలు నడిచే రోజైతే నాగార్జునకొండ మ్యూజియం చూడొచ్చు. మహాలక్ష్మి పథకం ఉంది కాబట్టి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల అమ్మాయిలకు చార్జీ లేదు. నమ్మకం ఒక ట్రిప్పుతో వస్తుంది, వాదనతో రాదు.

ఒక్క కేసు చాలు

గవర్నమెంట్ జాబ్ వచ్చినా, కార్పొరేట్ జాబ్ వచ్చినా వెరిఫికేషన్ ఉంటుంది. అటెస్టేషన్ ఫారంలో ‘మీపై కేసులున్నాయా?’ అనే గడి ఉంటుంది. గోవాలో బీచ్ మీద బహిరంగంగా తాగడం నేరం. తెల్ల ప్లేటు ఉన్న బండి ఎవరైనా కిరాయికి ఇస్తానంటే తీసుకోకండి, కిరాయి బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. లైసెన్స్ లేనివాడికి హ్యాండిల్ ఇవ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తీసుకుపోవద్దు, ఐడీకి డిజీలాకర్ చాలు. రోజుకు ఒకసారైనా మెయిల్ చూసుకోండి. జాయినింగ్ లెటర్‌కు ‘రెండు రోజుల్లో రిప్లై ఇవ్వండి’ అని ఉంటే బీచ్‌లో నెట్ లేదన్న మాట ఎవరూ వినరు.

ఈ ట్రిప్పును రెజ్యూమెలో రాసుకోమని నేను చెప్పను. ఇంటర్వ్యూలో ‘టీమ్ లీడ్ చేశాను’ అని గోవా కథ చెబితే ఎదుటివాళ్లు నవ్వుకుంటారు. కానీ పోయినచోట కళ్లు తెరిచి ఉండండి. హోటల్ ఫ్రంట్ ఆఫీసులో ఉన్నవాళ్లు ఏం చదివారో, లైఫ్‌గార్డు ఎట్లా అయ్యాడో, గైడ్‌కు ఎన్ని భాషలొచ్చో అడగండి. గచ్చిబౌలిలో నిథమ్ ఉంది, నెల్లూరులో కేంద్ర పర్యాటక సంస్థ క్యాంపస్ ఉంది. అవి కూడా ఉద్యోగాల దారులే అన్న సంగతి మన జిల్లాల కాలేజీల్లో చాలామందికి ఎవరూ చెప్పలేదు.

చివరగా ఒక మాట. మన దగ్గర తెలంగాణలోకి వచ్చే కృష్ణ.. సోమశిల, శ్రీశైలం, సాగర్, వాడపల్లి దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన పొలాల పక్కనుంచి పోయే నీళ్లు ఎక్కడిదాకా పోతాయో మన అమ్మానాన్నల్లో చాలామంది చూడలేదు. ఈసారి దోస్తులతో పోయి దారి తెలుసుకోండి, ఖర్చుల లెక్క రాసి దాచుకోండి. మొదటి జీతం అందుకున్న నెలలో అదే లెక్కతో వాళ్లను తీసుకుపోండి. అప్పు లేకుండా వెళ్లి వస్తేనే ఆ రెండో ట్రిప్పు మీ చేతిలో ఉంటుంది.