120 కోట్ల మందికి ఎంత బీరువా?

పెళ్లికి ఎంతమంది వస్తారో తెలిస్తే ఎసట్లో పోసే బియ్యం లెక్క తేలిపోతుంది. 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని టెంభ్లీ అనే పల్లెలో తొలి ఆధార్ నంబర్లు ఇచ్చారు. అక్కడా ఇలాంటి లెక్కే. కాకపోతే అతిథులు 120 కోట్ల మంది!

ఫొటో, పది వేలిముద్రలు, రెండు కళ్ల ఐరిస్, చిరునామా... ఒక్కొక్కరి నమోదుకీ సుమారు 5 ఎంబీ. ఓ ఎంపీ3 పాటంత. చిన్నదే కదా అనిపిస్తుంది. 120 కోట్లతో హెచ్చవేస్తే వెయ్యి జీబీల హార్డ్‌డిస్కులు ఆరు వేలు కావాలి! ఆ భవనానికే ఏదైనా అయితే? అందుకే బెంగళూరులో ఒకటి, హరియాణాలోని మానేసర్‌లో ఒకటి డేటా సెంటర్లు. దాంతో లెక్క రెట్టింపు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకరికి రెండు నంబర్లు రాకూడదు కాబట్టి కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరి వివరాల్నీ పాతవాటన్నిటితో పోల్చాలి. 20 కోట్ల మంది చేరాక రోజుకి పది లక్షల మంది వచ్చారనుకుంటే పోలికలు 200 లక్షల కోట్లు! డిస్కులు కొంటే తీరే బాధ కాదిది. ఎక్కడైనా పొరబడితే అసలు మనిషికే నంబరు దక్కదు.

2016 ఏప్రిల్‌లో ఆధార్ సంఖ్య 100 కోట్లు దాటింది. జనాభా పెరగకపోయినా బీరువా నిండుతూనే ఉంటుంది. ఇల్లు మారితే చిరునామా మార్చాలి. పిల్లలకి అయిదేళ్లు నిండాక వేలిముద్రలు తీసుకోవాలి, పదిహేనేళ్లప్పుడు మళ్లీ ఇవ్వాలి. ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరికైనా అయిదో పుట్టినరోజు ఉంటే, ఓ కొత్త అర ఖాళీ చేయాల్సిందే!