దించే పూచీ కూడా మనదే

అంతరిక్ష రంగం వైపు చూస్తున్న మన అమ్మాయిలకూ అబ్బాయిలకూ,



2021 నవంబరు 15న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఏడుగురినీ హ్యూస్టన్‌లోని నాసా కేంద్రం నుంచి పిలిచి నిద్ర లేపారు. గదుల మధ్య తలుపులు మూసేసి, తిరుగు ప్రయాణానికి ఉంచిన వ్యోమనౌకల్లోకి వెళ్ళి కూర్చోమన్నారు. పరిస్థితి విషమిస్తే స్టేషన్‌ను వదిలేసి భూమికి వచ్చేయాలన్నమాట. ఆ నౌకల్లో ఒకదానికి కమాండరు రాజాచారి. వాళ్ళ నాన్న హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళినాయన. రాజాచారి పైకి చేరి అప్పటికి నాలుగు రోజులే.

జరిగింది ఇదీ: రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ను తానే క్షిపణితో పేల్చింది. నేల మీది నుంచి జాడ తీయగలిగిన ముక్కలే 1,500 దాటాయి. గంటన్నరకోసారి భూమిని చుట్టే స్టేషన్ ప్రతి చుట్టులోనూ ఆ ముక్కల దారికి దగ్గరగా పోవాల్సి వచ్చింది. ప్రాణాలు అరచేత పెట్టుకుని కూర్చున్న ఆ ఏడుగురిలో ఇద్దరు రష్యన్లే.

నేను హైదరాబాద్ బాలానగర్ మెషీన్ షాపుల్లో ముందు లేత్ మీద, తర్వాత ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర పనిచేసి తల నెరిసినవాణ్ణి. రాకెట్లకు వెళ్ళే పార్టులు కొన్ని నా చేతుల మీదుగా పోయాయి. ఆ చనువుతోనే రాస్తున్నాను. శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మీరు కొట్టే చప్పట్లు నాకూ ఆనందమే. కానీ పైకి పంపిన ప్రతి వస్తువు పని అయ్యాక ఏమవుతుందో మీ తరం ముందే ఆలోచించుకోవాలి. ఈ ఉత్తరం అందుకోసమే.

మా బల్ల మీదికి వాల్వ్ బాడీ వస్తే కొలతల కంటే ముందు లోపలి అంచు చూసేవాళ్ళం. రెండు రంధ్రాలు కలిసే చోట డ్రిల్లు దిగాక సన్నటి లోహపు ముల్లు మిగులుతుంది. దాన్ని బర్ అంటాం. టార్చి వేసినా భూతద్దం పెట్టినా ఒక్కోసారి కనపడదు. అప్పుడు సన్నటి పుల్ల చివర దూది చుట్టి లోపల మెల్లగా తిప్పేవాళ్ళం. ఒక్క పోగు తగులుకున్నా ఆ పార్టు వెనక్కే. ఆ ముల్లు ఊడి ఇంధనంతో పాటు కొట్టుకుపోయి వాల్వ్ సీటులో ఇరుక్కుంటే, కోట్ల రూపాయల ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఇంత చిన్నదేం చేస్తుందిలే అన్న మాట ఆ బల్ల దగ్గర ఎవరి నోటా రాకూడదు.

పైన కక్ష్యలో ఆ మాట ఇంకా పనికిరాదు. అక్కడ వస్తువుల వేగం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు. ఆ వేగంతో పోతే హైదరాబాద్ నుంచి విజయవాడకు నలభై సెకన్లు పట్టదు. ఎదురుగా వచ్చే చిన్న బోల్టు కూడా ఆ వేగంలో తూటాను మించిపోతుంది. ఇప్పుడు జాడ తీస్తున్న వస్తువులే దాదాపు 40,000. జాడకు అందనివి లక్షల్లో ఉన్నాయి. 2009 ఫిబ్రవరిలో పనిచేస్తున్న ఇరిడియం ఉపగ్రహమొకటి, చచ్చిపడి తిరుగుతున్న రష్యా ఉపగ్రహమొకటి గుద్దుకుని రెండూ తునాతునకలయ్యాయి. అది ప్రమాదం. 2007లో చైనా మాత్రం 850 కిలోమీటర్లకు పైన తన వాతావరణ ఉపగ్రహాన్ని కావాలనే పేల్చి 3,000కు పైగా ముక్కలు మిగిల్చింది. అంత ఎత్తులో గాలి ఇంచుమించు లేనట్టే. అందుకే వాటిలో చాలా భాగం ఈనాటికీ తిరుగుతూనే ఉంది.

మన ఇంటి సంగతీ చెప్పాలి. 2001 అక్టోబరులో పీఎస్ఎల్వీ-సీ3 టెస్ అనే ఉపగ్రహాన్ని చక్కగా కక్ష్యలో పెట్టింది. పేపర్లలో విజయమని వచ్చింది, నిజంగా విజయమే. కానీ పని ముగించుకున్న రాకెట్ నాలుగో దశ పైనే మిగిలిపోయింది. అదే ఏడాది డిసెంబరులో అది పేలి మూడు వందలకు పైగా ముక్కలైంది. ఖాళీ అయిందనుకున్న దశలో మిగిలే ఇంధనం, పీడనం ఎప్పుడైనా ఇలాంటి పని చేయగలవు. ఇస్రో వాళ్ళు పాఠం వెంటనే నేర్చుకున్నారు. తర్వాతి పీఎస్ఎల్వీ నుంచే పని అయిన పై దశలో మిగిలింది బయటికి వదిలేసి నిర్జీవం చేయడం మొదలుపెట్టారు. టీవీలో ఎవరూ చూపించని పని అది. నా లెక్కలో ప్రయోగానికి తక్కువేమీ కాదు.

మేఘా-ట్రోపిక్స్ కథ మరీ గొప్పది. 2011లో ఫ్రాన్సుతో కలిసి పంపిన వాతావరణ ఉపగ్రహం, 870 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. ఊరికే వదిలేస్తే దశాబ్దాల తరబడి అక్కడే తిరిగేది, ట్యాంకులో ఇంకా దాదాపు 125 కిలోల ఇంధనంతో. దాన్ని పద్ధతిగా కిందికి దించడానికి ఏ ఏర్పాటూ చేసి పంపలేదు. అయినా ఇస్రో ఇంజనీర్లు ఆ మిగిలిన ఇంధనంతోనే 2022 ఆగస్టు నుంచి మెట్టు మెట్టుగా దించుతూ, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రంలో మనుషులు లేని చోటు చూసి పడేశారు. ముసలి ఉపగ్రహాన్ని చేయి పట్టుకుని దింపినట్టుంది ఆ పని. ఆ బృందంలో కూర్చునే అవకాశం మీలో ఎవరికైనా వస్తే, అది చంద్రుడి మీదికి పంపే బృందం కంటే చిన్నదని అనుకోకండి.

2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాన్ని వదిలాక రాకెట్ నాలుగో దశను 650 నుంచి 350 కిలోమీటర్లకు దించి, దాని మీదే ప్రయోగాలు చేసి, మార్చిలో వాతావరణంలో కాలిపోనిచ్చారు. పైన ఒక్క ముక్క మిగల్లేదు. 2030 నాటికి మన దేశం నుంచి వెళ్ళే ప్రయోగాలన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, శకలాలు మిగల్చకూడదని ఇస్రో లక్ష్యం పెట్టుకుంది. చంద్రయాన్-3 లేవడం నాలుగు సెకన్లు ఆలస్యమైందన్న సంగతి మీలో ఎంతమందికి తెలుసు? దారిలో దేన్నీ గుద్దుకోకుండా లెక్క చూసి ఆపారు. ఆ నాలుగు సెకన్ల వెనక పనిచేసిన వాళ్ళ పేర్లు మనకెవరికీ తెలియవు.

ఇక రక్షణ సంగతి. దేశానికి పైన కళ్ళు కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో కనీసం పది ఉపగ్రహాలు రేయింబవళ్ళు కాపలా కాస్తున్నాయని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ చెప్పారు. 2024లో కేంద్రం ఆమోదించిన నిఘా ఉపగ్రహాలు 52. అందులో 31 ప్రైవేటు సంస్థలే కట్టాలి. వాటిలో కొన్ని మీ చేతుల మీదుగా పైకి వెళ్ళొచ్చు. గర్వంగా చేయండి.

2019 మార్చి 27న జరిగిన మిషన్ శక్తి మాత్రం నేను వేరుగా చూస్తాను. జనవరిలో శ్రీహరికోట నుంచి పంపిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని ఒడిశా తీరం నుంచి లేచిన మన క్షిపణి 280 కిలోమీటర్ల ఎత్తున సూటిగా కొట్టింది. అందులో హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాలల పనితనం ఎంతుందో ఈ ఊరి మెషీన్ షాపుల వాళ్ళకు తెలుసు. ముక్కలు త్వరగా రాలిపోవాలని తక్కువ ఎత్తునే ఎంచుకున్నారు, అది మంచి ఆలోచన. 45 రోజుల్లో అన్నీ పోతాయన్నారు. కానీ దెబ్బకు కొన్ని ముక్కలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కంటే పైకి ఎగిశాయి, జాడ తెలిసిన ఆఖరిది రాలడానికి మూడేళ్ళు దాటింది. అంత జాగ్రత్త పడ్డ మనకే లెక్క తప్పితే, జాగ్రత్త అక్కరలేదనుకునే వాళ్ళ చేతిలో ఏమవుతుంది?

శక్తి ఉందని లోకానికి తెలిసింది. మళ్ళీ చూపించే అవసరం లేదు. ఇలాంటి విధ్వంసక పరీక్షలు చేయబోమని దేశాలు మాట ఇవ్వాలంటూ 2022 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో తీర్మానం వచ్చింది. 155 దేశాలు సరేనన్నాయి. మనం ఓటు వేయకుండా తప్పుకున్నాం. సొంత నిఘా కళ్ళు యాభై పైకి పంపబోతున్న దేశం ఆ కళ్ళలో దుమ్ము పడకుండా చూసుకోవాలి. ఆ మాట ఇవ్వడం మనకే లాభం. అమెరికా అంతరిక్షంలోనే క్షిపణులను అడ్డుకునే గోల్డెన్ డోమ్ అంటోంది. ఈ పోటీ ఇంకా ముదిరేలోపే మన దేశం నోరు విప్పాలని నా కోరిక.

పరిశ్రమలో చేరబోయే వాళ్ళతో ఇంకో మాట. మా కాలంలో ఉన్నది ఒకటే గుమ్మం, ప్రభుత్వ ఆర్డరు. ఇప్పుడు అలా కాదు. 2022 నవంబరు 18న హైదరాబాద్ స్కైరూట్ వాళ్ళ విక్రమ్-ఎస్ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు ఎగిరింది. వారం తిరిగేసరికి మన ఊరి ధ్రువ స్పేస్ ఉపగ్రహాలు రెండు పీఎస్ఎల్వీ మీద కక్ష్యకు చేరాయి. స్టార్‌లింక్ ఒక్కదానివే వేల ఉపగ్రహాలు పైన పనిచేస్తున్నాయి. అంతమంది వరస కడుతున్న చోట, ఎవరి వస్తువును వాళ్ళు దించుకోవడమనేది పైవాళ్ళు చెబితే చేసే పని కాకూడదు, డ్రాయింగులోనే ఉండాలి. 2025 జనవరి 16న ఇస్రో స్పాడెక్స్ ప్రయోగంలో రెండు ఉపగ్రహాలు కక్ష్యలో ఒకదానికొకటి అతుక్కున్నాయి. అది చేయగలిగిన నాలుగో దేశం మనది. రేపు చచ్చిన ఉపగ్రహాన్ని పట్టి కిందికి లాగాలన్నా ఈ విద్యే కావాలి. శకలాల జాడ తీయడం, మిగిలిన ఇంధనం వదిలించడం, పట్టి దించడం: ఈ పనులు నేర్చుకున్న వాళ్ళు మన దగ్గర ఇంకా తక్కువ. పాలిటెక్నిక్ చదివినా చాలు, మొదలుపెట్టవచ్చు.

మీరు ఏ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్ళినా, చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు కదా, అప్పుడు జీతం సంగతితో పాటు ఇదీ అడగండి: మీరు పంపే వస్తువు పని అయ్యాక ఎన్నేళ్ళలో, ఏ దారిన కిందికి వస్తుంది? సూటిగా జవాబు చెప్పగలిగిన చోట చేరండి.

మీ మేలు కోరే,
బాలానగర్ పెద్దాయన