శిలను కప్పని సేవ

మాఘ పౌర్ణమినాడు మీరు పాలకాయతిప్పకు వెళ్ళే ఉంటారు. కృష్ణమ్మ కడలిని చేరే ఆ సంగమంలో స్నానమాడి, హంసలదీవి వేణుగోపాలస్వామిని సేవించుకుని ఉంటారు. ప్రదక్షిణ చేస్తున్న వేళ మీ మనసుకు ఒక ప్రశ్న తట్టిందా? కనుచూపు మేర కొండలేని ఈ ఒండ్రునేలకు శిల ఎక్కడినుంచి వచ్చింది?

దివిసీమలో ఎంత త్రవ్వినా మన్నూ ఇసుకే గాని రాయి దొరకదు. ఎగువనున్న ఘంటసాలలో బయల్పడిన ప్రాచీన బౌద్ధ శిల్పాలు సైతం పల్నాటి సున్నపురాతివి. అదే ఊరి జలధీశ్వరాలయంలో శివపార్వతులు ఒకే పానవట్టంపై కొలువుదీరారు. శ్రీకృష్ణదేవరాయలకు (1509-1529) స్వప్నంలో సాక్షాత్కరించి 'ఆముక్తమాల్యద'ను రచింపజేసిన ఆంధ్ర మహావిష్ణువు శ్రీకాకుళం కూడా ఈ తీరంలోనిదే. ఈ సన్నిధులకు ప్రతి రాయీ దూరప్రాంతాల నుంచి తరలిరావలసినదే. ఎందరి శ్రమ, ఎన్ని తరాల భక్తి!

హంసలదీవి ఆలయాన్ని దేవతలు ఒక్క రాత్రిలో నిర్మించారని, కోడి కూయడంతో గోపురం అసంపూర్తిగా మిగిలిందని స్థలపురాణం. రాయి పుట్టని సీమలో శిలామూర్తిని దర్శించిన పూర్వుల ఆశ్చర్యమే ఆ గాథగా మారిందేమో! 1977 నవంబరు 19న ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణాలను బలిగొన్నప్పుడు ఈ గుడి నీడన తలదాచుకున్నవారు బతికి బయటపడ్డారని ఇక్కడివారు నేటికీ చేతులు జోడించి చెబుతారు.

కడలిని తట్టుకున్న శిలకు మన అత్యుత్సాహం ముప్పు కారాదు. జీర్ణోద్ధరణ పేరిట పాత స్తంభాలకు నూనెరంగులు పూయడం, శాసనాలపై సున్నం కొట్టడం అనేకచోట్ల చూస్తున్నాం. ఉప్పుగాలి వీచే చోట ఇది మరింత హాని. రంగుపొర కింద చిక్కుకున్న తేమ వెలికి రాలేదు; అందులోని ఉప్పు గడ్డకట్టి రాతిని పెచ్చులుగా రాల్చుతుంది. సున్నం పేరుకున్న శాసనంలో దాత పేరు, ధర్మం వివరం మరుగున పడతాయి. శిల్పి చెక్కిన కనుబొమ వంపు, వస్త్రపు మడత పూడిపోతాయి.

విరాళమిచ్చే చేయి మీది గనుక అడిగే హక్కూ మీదే. ఆలయ పునరుద్ధరణకు ద్రవ్యం సమర్పించేముందు, పాత రాతిని ఏం చేయబోతున్నారో వినయంగా అడగండి. నిపుణులైన స్థపతులను, పురావస్తు శాఖవారిని సంప్రదించమని కోరండి. పై మాఘ పౌర్ణమికి మీ పిల్లలకు ఆలయాన్ని చూపుతూ ఈ రాతి ప్రయాణాన్ని కథగా చెప్పండి. విన్న బిడ్డ రేపు ఆ శిలపై మేకు కొట్టనివ్వడు.